పిట్ట వచ్చేదాకా

"పెద్దది తీసుకుంటే పీడ వోతది గదా," అని శ్యాంసుందర్ మూడోసారి అన్నాడు. ఉప్మా ప్లేటు మోకాలి మీదనే ఉంది. చెంచా ముట్టలేదు.

"పెద్దదైతే పెద్దగ కూలుతది," అంది తిరుమల, కూతురి టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ.

"రాత్రి గదే అన్నవ్. ఇప్పుడు గదే."

"నువ్వు మాత్రం కొత్తది ఏమన్నవ్?"

గోడకు ఆనుకుని, చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న శంకరవ్వ కొడుకు వైపూ కోడలి వైపూ చూడకుండా తునికాకు కత్తిరిస్తోంది. కత్తెర చప్పుడు ఆగలేదు. "ముందుగాల తినుండ్రి. మీ మెషిను ఎప్పటికీ చల్లారదు. ఉప్మా చల్లారుతది."

జమున నవ్వి, డబ్బా సంచిలో పెట్టుకుని కాలేజీకి పోయింది. గేటు మూసుకున్న చప్పుడు విన్నాక శ్యాంసుందర్ గొంతు తగ్గించాడు.

"లక్ష్మణ్ ఫోన్ల ఎట్ల ఏడ్చిండో నీకు ఎర్క లేదు. నేను విన్న. నువ్వు వినలే."

తిరుమల గిన్నెలో మిగిలిన ఉప్మా గరిటెతో ఒక పక్కకు తోసింది, మళ్ళీ ఇంకో పక్కకు తోసింది.

వాళ్ళు పోట్లాడుకుంటున్న మెషిను, వాళ్ళ వెబ్‌సైటును నడిపే సర్వరు, ఇంట్లో లేదు. ముంబైలో ఎక్కడో ఒక చల్లటి గదిలో అద్దెకు ఉంది. తిరుమల దాన్ని ఎన్నడూ చూడలేదు. శ్యాంసుందర్ స్టూడియో కరీంనగర్ చుట్టుపక్కల పెళ్ళిళ్ళనూ చావులనూ కెమెరాతో పట్టి, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు అప్పటికప్పుడు చూపిస్తుంది. చూడడానికి ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. ఆ పేజీలన్నీ పీహెచ్‌పీ అనే భాషలో తిరుమల రాసినవే. తొమ్మిదేళ్ళుగా వాటి మంచీ చెడూ చూసేదీ ఆమే. బయట మాత్రం "శ్యామన్న లైవ్" అంటారు.

నిన్న సుల్తానాబాద్ దగ్గర పరశురాములు మూడొద్దులు, పోయిన మూడో నాటి కర్మ. ఆయన ఒక్కగానొక్క కొడుకు లక్ష్మణ్ మస్కట్‌లో ఉన్నాడు. పాస్‌పోర్టు రెన్యువల్‌కు పోయి కూర్చుంది, రాలేకపోయాడు. కొడుకు చేయాల్సినవన్నీ చిన్నాన్న కొమురెల్లి చేశాడు. పరశురాములుకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, అందరూ వెనక్కి జరిగి నిలబడ్డారు. పిట్ట వచ్చి ముట్టాలి. ముట్టేదాకా ఎవరూ కదలరు, మాట్లాడరు. కాకి అని కూడా అనరు, పిట్ట అనే అంటారు.

కెమెరా విస్తరి మీదనే ఉంది. విస్తరి కదలదు, మనుషులు కదలరు. మస్కట్‌లో, దుబాయిలో, దోహాలో చూస్తున్న మూడు వందల మందికి అది ఫోటోలా కనిపించింది. ఆగిపోయిందనుకున్నారు. పేజీని కిందికి గుంజి మళ్ళీ తెరిచారు. అప్పుడూ అదే విస్తరి, మళ్ళీ గుంజారు. తొమ్మిదేళ్ళలో తిరుమల గమనించింది ఇదే: పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు ఆ మెషినుకు ఏమీ కాదు. ఏమీ జరగనప్పుడే దాని మీద అంత తొక్కిడి. నిన్న పదకొండు నిమిషాలు ఏ పేజీ తెరుచుకోలేదు. అక్కడ శ్యాంసుందర్ తన కెమెరాదే తప్పనుకుని, ఆపి, తీగలు పీకి, మళ్ళీ పెట్టాడు. ఆ సందులోనే పిట్ట వచ్చి పోయింది.

"రికార్డు పెట్టినం గాబట్టి జర ఊకున్నడు," అన్నాడు శ్యాంసుందర్ చేతులు కడుక్కుంటూ. "పదొద్దులకు ధర్మపురిల పిండం. 'అన్నా, గప్పుడన్న నా కండ్లతోని చూస్తనా' అని అడిగిండు. చూస్తవ్ తమ్మీ, నాది జిమ్మేదారి అన్న. వచ్చే గురువారం."

"చూస్తడు," అంది తిరుమల. "కానీ పెద్ద మెషిన్‌తోని కాదు. పని చేసేటోళ్ళు తక్కువయ్యి కాదు గది కూలింది. వచ్చినోళ్ళకు పేజీ తెచ్చిచ్చేటోళ్ళు ఆ మెషిన్ల కొంతమంది ఉంటరు అనుకో. ఒక్కొక్కరు ఒక్కొక్క దగ్గర ఇర్కపోయిన్రు. ఇర్కినోన్ని లేపేటోడు లేడు. ఖాళీగున్నోనికి పని చెప్పేటోడు లేడు. ఇంకో వంద మందిని తెచ్చినా ఇర్కేదే."

శంకరవ్వ కత్తెర ఆపింది. "మా బీడీ కార్ఖానా లెక్క," అంది.

"ఎట్ల?"

"ముందుగాల జమేదారు ఉండె. ముందు వచ్చినామె ముందు కూసునుడు. ఆకు అయిపోయినా లేవకపోవు. ఇంకోతి దారం తెగి పరేషాన్ అయి కూసుండేది, అడిగేటోడు లేడు. బయట ఇరవై మంది నిలబడేది. తర్వాత ఆదిలాబాద్ దిక్కుకెళ్ళి గంగుబాయి అని వచ్చింది. సన్నగ పుల్ల లెక్క ఉండేది. తలుపు కాడ కూసుండి చేతులు చూసేది, మొకాలు కాదు. చేయి ఆగిందా, 'కాయ్ ఝాలా' అనేది, ఏమాయె అని. ఖాళీ అయితే ఇంటికి పంపేది, రద్దీ అయితే పిలిపిచ్చేది. ఆడోళ్ళు గంతే, చాటలు గంతే. కానీ మల్ల తలుపు కాడ ఎవ్వరు నిలబడలే."

తిరుమల గరిటె కింద పెట్టింది. రాత్రి ఇంగ్లీషు పేజీల్లో తాను చదివింది ఇదే.

"అగో, గా గంగుబాయిని తెస్త," అంది.

"తే మరి," అన్నాడు శ్యాంసుందర్ చెప్పులేసుకుంటూ. "గురువారం లోపట తే. లేకుంటే నేను మొఖం ఎక్కడ పెట్టుకోవాలె."

శని, ఆదివారాలు ఆషాఢం మబ్బు ఇంటి మీదనే ఆగి ఉంది. వాన పడదు, ఎండ రాదు. పెళ్ళిళ్ళు లేని నెల కనుక స్టూడియోలో పని లేదు. చావులకు ఆషాఢం లేదు కానీ ఆ రెండు రోజులు అవీ లేవు. తిరుమల లోపలి గదిలో కిటికీ కింద ల్యాప్‌టాప్ పెట్టుకుని, అసలు మెషినును ముట్టకుండా దాని నకలు ఒకటి చేసుకుని దాని మీద పని మొదలుపెట్టింది. గంగుబాయిలా పనివాళ్ళను చూసుకునే కొత్త మేనేజరు ప్రోగ్రాము కావాలంటే పీహెచ్‌పీ కూడా కొత్తది కావాలి. కొత్తది వేసి తన పేజీ తెరిస్తే తెల్లగా వచ్చింది. తప్పు అని కూడా రాయలేదు. ఉతికి ఆరేసిన పంచెలాగా, అంచు కూడా లేని తెలుపు.

ఆ తెలుపును ఆమె చాలాసేపు చూసింది. తొమ్మిదేళ్ళ కింద తాను వాడిన మాటలు కొన్నింటిని ఆ భాషే వదిలేసింది. ఒక్కొక్కటీ వెతికి, తీసి, ఇప్పటి మాట పెట్టాలి. అరవై నాలుగు చోట్ల. బియ్యంలో మెరికలు ఏరినట్టు వేలితో తెర మీద వరుసలు జరుపుతూ పోయింది. పప్పు కుక్కరు మూడు కూతలు కూసేలోపు రెండు చోట్లు, అన్నం వార్చి వచ్చాక మూడు. అత్త కత్తెర చప్పుడు ఒకే లెక్కన వినిపిస్తోంది. ఒక్కోసారి ఆ చప్పుడుకే తన వేళ్ళు కదులుతున్నాయని తిరుమలకు అనిపించింది. ఆదివారం మధ్యాహ్నానికి పేజీ అంచు కనిపించింది, తర్వాత బొమ్మ, తర్వాత పేరు. నిద్రలోంచి ఎవరో మెల్లగా లేచి కూర్చున్నట్టు.

కొత్త మేనేజరు ఒక చిట్టా రాస్తుంది. ఎవరు ఎక్కడ ఎక్కువసేపు ఆగిపోయారో అందులో ఉంటుంది. నకలు మీద మొన్నటి రద్దీని మళ్ళీ నడిపించి ఆ చిట్టా తెరిస్తే, అన్ని వరుసలూ ఒకే చోటును చూపించాయి. పేజీలో 'పువ్వు' అని ఒక గుర్తు ఉంటుంది. దూరాన ఉన్నవాళ్ళు దాన్ని నొక్కితే చనిపోయిన వారి ఫోటో కింద ఒక పువ్వు చేరుతుంది, పక్కన ఒక మాట రాయొచ్చు. పేజీ తెరిచిన ప్రతిసారీ పనివాడు ఆ పువ్వులన్నీ మొదటి నుంచి లెక్కపెట్టి, అప్పుడు పేజీ ఇస్తున్నాడు. ఇరవై పువ్వులు వచ్చే రోజుల్లో రాసిన పద్ధతి అది. పరశురాములుకు రెండు వేల పైన వచ్చాయి.

"నా తప్పే," అంది తిరుమల పైకి.

"ఏమాయె?" అంది అవతలి నుంచి శంకరవ్వ.

"ఏం లేదత్తమ్మా. నేనే ఇర్కిచ్చిన."

పువ్వుల పనికి వేరే మనుషులను పెట్టింది, పేజీ పనికి వేరే. ఒక గుంపు ఆగినా ఇంకొకటి ఆగదు. అదయ్యాక కొత్త ఏర్పాటులోకి చేర్చాల్సిన వీడియోలను ఒక్కొక్కటి తెరిచి చూసుకుంటూ పోయింది. పరశురాములు మూడొద్దులది తెరిచింది.

విస్తరి, మోదుగాకులది. పక్కన సీసాలో కల్లు. వెనక మనుషుల కాళ్ళు. అన్నింటి మీదా ఆ రోజుటి మబ్బు వెలుతురు. తర్వాత ఒక్క క్షణం నలుపు, ఆ తర్వాత పిట్ట. అది విస్తరి అంచు మీద వాలి, తల వంచి, ముద్ద అందుకుని ఎగిరింది.

తిరుమల దాన్ని వెనక్కి జరిపింది. మళ్ళీ చూసింది. పిట్ట కింద నీడ ఉంది. నల్లగా, పదునుగా, కోసి పెట్టినట్టు.

ఆ రోజు ఎండ లేదు.

ఇంకోసారి చూసింది. ఈ విస్తరి పక్కన కల్లు సీసా లేదు. ఆకు కూడా మోదుగది కాదు, అరటిది. వేసవిలో జమ్మికుంటలో తీసిన పిట్ట ఇది. అప్పుడు ఆ వీడియో ఎక్కించింది తానే, ఆ నీడ తనకు తెలుసు.

ఎవరెవరు చూశారో ఇంకో చిట్టాలో ఉంటుంది. చూడకూడదనుకుంటూనే తెరిచింది. ఆ ఒక్క వీడియో నాలుగు రోజుల్లో నూట నలభై సార్లు తెరుచుకుంది. అన్నిసార్లూ మస్కట్‌లోని ఒకే ఫోనులో. ఎక్కువగా అక్కడి మధ్యాహ్నం, ఎండకు పని ఆపి మనుషులను క్యాంపులో పడుకోమనే వేళ.

సాయంత్రం శ్యాంసుందర్ బాల్కనీలో కూర్చుని మెత్తటి గుడ్డతో లెన్సు తుడుస్తున్నాడు. గుండ్రంగా, మధ్య నుంచి అంచుకు. తిరుమల చాయ్ పక్కన పెట్టి నిలబడింది.

"గా పిట్ట జమ్మికుంటది."

గుడ్డ ఆగింది. అతను లెన్సును వెలుతురుకు ఎత్తి చూశాడు, లేని మరకను ఊదాడు.

"ఏం జేయాలె మరి? కెమెరా బంద్ చేసుకొని కూసున్న. నా దగ్గర పిట్ట లేదు. ఆడు అక్కడ ఏడుస్తుండు. వాళ్ళమ్మ బుచ్చవ్వ నా చేయి పట్టుకొని, 'నా కొడుక్కు జర చూపియ్యి బిడ్డా' అన్నది. పిట్ట వచ్చింది, ముట్టింది. గది అబద్ధం కాదు గదా. గదే పిట్టనా ఇంకో పిట్టనా, నీకెందుకు?"

"నాకెందుకు కాదు. ఆయనకు."

"ఆయన కుష్‌గున్నడు."

"నూట నలభై సార్లు చూసిండు."

శ్యాంసుందర్ చాయ్ అందుకున్నాడు. తాగలేదు. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని కింద సందులో పోయే ఆటోను చూశాడు. "గురువారం అసలుది చూపియ్యి," అన్నాడు. "గప్పుడు దీని ఫికర్ ఉండదు."

మంగళవారం తెల్లవారు నాలుగూ ముప్పావుకు నల్లా వచ్చే వేళ తిరుమల లేచింది. కరీంనగర్‌లో నాలుగూ ముప్పావంటే మస్కట్‌లో మూడుంబావు. అక్కడ అందరూ నిద్రలో ఉంటారు. మార్చడానికి అదే మంచి సమయం. బిందె నల్లా కింద పెట్టి, లోపలికి వచ్చి ఒక వరుస కొట్టింది. బిందె నిండే చప్పుడు గొంతు దాకా వచ్చినప్పుడు లేచి పోయి, ఇంకోటి పెట్టి వచ్చింది. వాకిట్లో శంకరవ్వ సానుపు చల్లుతోంది.

"కూసున్నదా గంగుబాయి?"

"కూసుంటున్నది."

పాతది ఆపి కొత్తది పెట్టే ముందు ఎవరైనా ఉన్నారేమో చూసింది. ఒకరు ఉన్నారు. మస్కట్. అదే వీడియో.

తిరుమల చేతులు మీటల మీదనే ఆగాయి. కొత్త పద్ధతిలో ఒక మర్యాద ఉంది. మారమని చెప్పినా, పనిలో ఉన్నవాణ్ణి మధ్యలో లేపదు. చేతిలో ఉన్నది ఇచ్చాకే పంపుతుంది. పాతదానికి కూడా అట్లా మెల్లగా లెమ్మని చెప్పే మాట ఉంది. ఆమె ఆ మాటే రాసింది. పనివాళ్ళు ఒక్కొక్కరే లేచిపోయారు. ఆఖరివాడు మాత్రం, ఎక్కడో చీకటి గదిలో మెలకువగా ఉన్న మనిషి చేతికి ఆ ఎండలోని పిట్టను ఇచ్చి, అప్పుడు పోయాడు. బయట బిందె పొర్లిపోతోంది.

పొద్దెక్కాక పరీక్ష. స్టూడియోలో రెండో కెమెరా పట్టే సాదిక్ ఇంట్లో తొమ్మిది ఫోన్లు ఉన్నాయి. జమున తన స్నేహితురాళ్ళను ఇంకో ఇరవై మందిని పోగు చేసింది. అందరూ ఒకేసారి, ఆపకుండా గుంజాలి.

"భాభీ, మా అమ్మి కూడా గుంజుతుంది," అన్నాడు సాదిక్ ఫోన్లో. "కనబడక కాలెండర్ గుంజుతుంది గానీ, గుంజుతుంది."

తిరుమల మెషినులో అరవై మంది పనివాళ్ళకు చోటు పెట్టి ఉంచింది. నాలుగు నిమిషాల్లో మెషినుకు ఊపిరాడలేదు, మొత్తం పడిపోయింది. ఆమె మొఖం చూసి శంకరవ్వ చాట దించింది.

"ఎంత మందిని కూసోవెట్టినవ్?"

"అరవై."

"గా గదిల అరవై మంది వడ్తరా? తక్కువ చెయ్. గంగుబాయి ఎన్నడు గదిని నింపలే."

ఇరవై నాలుగు చేసింది. ఇరవై సెకన్లలో పని కానివాణ్ణి లేపమంది. మళ్ళీ అందరూ గుంజారు. తెర మీద పనిలో ఉన్నవాళ్ళ అంకెలు పదిహేనుకు ఎక్కాయి, పన్నెండుకు దిగాయి, పద్దెనిమిదికి ఎక్కాయి. నిద్రపోయే పిల్ల పొట్ట ఎగసి దిగినట్టు. పడలేదు.

గురువారం పదకొండు గంటలకు గోదావరి ఒడ్డున పిండం పెట్టారు. తిరుమల ఇంట్లో బల్ల మీద ఒక పక్క ల్యాప్‌టాప్, ఇంకో పక్క బెండకాయల గిన్నె పెట్టుకుని కూర్చుంది. జమునకు కాలేజీ లేదు, తల్లి భుజం వెనక నిలబడింది. శంకరవ్వకు తెర కనిపించేటట్టు కుర్చీ జరిపారు.

విస్తరి, దాని వెనక ఇసుక, దాని వెనక తెల్లటి మబ్బు. మూడు వందల పన్నెండు మంది చూస్తున్నారు.

పది నిమిషాలు. పిట్ట రాలేదు. మూడు పిట్టలు దూరంగా మెట్ల మీద ఉన్నాయట, సాదిక్ ఫోన్ చేసి చెప్పాడు. ఇటు చూస్తున్నాయి, రావడం లేదు. ఇరవై నిమిషాలకు గుంజడం మొదలైంది. అంకెలు ఎక్కాయి. పదహారు, ఇరవై, ఇరవై రెండు. ఇరవై నాలుగు దాటితే బయట నిలబడాలి. పువ్వుల పక్కన మాటలు వస్తున్నాయి. లక్ష్మణ్ రాశాడు: ఇది నడుస్తుందా ఆగిపోయిందా?

తిరుమల తెరను చూసింది. కదిలేది ఏదీ లేదు. ఆకు కదలదు, మనిషి కదలడు, మబ్బు కూడా కదలదు. ఆగిందో లేదో తనకూ తెలియదు.

సాదిక్‌కు ఫోన్ చేసింది. "భయ్యా, కెమెరా జర ఎడమకు జరుపు. విస్తరి పోవద్దు. వెనక నీళ్ళు కనబడాలె."

"నీళ్ళెందుకు భాభీ?"

"జరుపు, చెప్త."

తెర కొంచెం ఊగి నిలిచింది. ఇప్పుడు విస్తరి పక్కన గోదావరి ఒక పట్టీలాగా కనిపిస్తోంది. మట్టి రంగు నీళ్ళు, కుడి నుంచి ఎడమకు, తొందర లేకుండా పోతున్నాయి. ఒక పూలదండ తేలుతూ వచ్చి, దాటి, పోయింది. అందరి ఫోన్లలోనూ అది దాటి ఉంటుంది. గుంజడం తగ్గింది. ఇరవై. పద్నాలుగు. తొమ్మిది.

"అమ్మా, సూపర్," అంది జమున మెల్లగా, గుడిలో మాట్లాడినట్టు.

ముప్పావు గంట అయింది. ఒడ్డున బుచ్చవ్వ గొంతు వినిపించింది. "ఎందుకు అలిగినవయ్యా? కొడుకు రాలేదనా? వస్తడు. ఆని కాయిదం ఆగింది గానీ ఆడు ఆగలే. నువ్వు తినుపో. ఆకలికి ఓర్వనోనివి గదా నువ్వు." ఎవరో ముక్కు చీదారు. మెట్ల మీది పిట్టలు రాలేదు.

గంట అయ్యాక శ్యాంసుందర్ ఫోన్ చేశాడు. నోటికి చేయి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నాడని తెలుస్తోంది.

"ఒక్క రెండు నిమిషాలు ఆపు."

"ఏది?"

"పేజీ. నెట్ పోయిందనుకుంటరు, పొయినసారి లెక్క. గంతల నేను పిట్టను పెడ్త."

"మల్ల అదేనా?"

"అదెందుకు. మబ్బు పట్టినప్పటిది ఒకటి ఉన్నది. చూసి తెచ్చిన."

బెండకాయ మీద కత్తి ఆగింది. జమున తల్లి మొఖంలోకి చూసింది. ఆపాలంటే ఒక్క వరుస రాస్తే చాలు. అది ఎట్లా రాయాలో ఈ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు.

"మంచిగ నడుస్తున్నది," అంది తిరుమల.

"మంచిగ నడవవట్టే గదా ఈ కష్టం! పిట్ట వస్తలేదని మూడు వందల మంది చూస్తుండ్రు. ఆ లక్ష్మణ్‌గాడు చూస్తుండు. జిందగీ మొత్తం గదే మనసుల పెట్టుకుంటడు."

"నేను ఆప."

"తిరుమలా."

"ఆప. నీళ్ళు వోతున్నయ్, చూడనియ్యి."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. శంకరవ్వ కోడలి ముందున్న గిన్నె తన వైపు గుంజుకుని బెండకాయలు తరగడం మొదలుపెట్టింది.

గంటంబావుకు కొమురెల్లి విస్తరికి దండం పెట్టి లేచాడు. పొద్దు పోతున్నది, బంధువులు ఆకలి మీద ఉన్నారు, కొంత ఆవుకు పెట్టారు. రాకపోతే ఏం చేస్తాం, ఆయన ఇష్టం, అని పెద్దమనుషులు అన్నారు. బుచ్చవ్వను ఇద్దరు పట్టుకుని నడిపించుకుపోయారు. కాళ్ళు ఒక్కొక్కటే తెరలోంచి వెళ్ళిపోయాయి. పువ్వుల పక్కన ఎవరో 'ఓం శాంతి' అని రాశారు, ఇంకెవరో 'ధైర్యంగుండు తమ్మీ' అని. లక్ష్మణ్ ఏమీ రాయలేదు.

తిరుమల సాదిక్‌కు మళ్ళీ ఫోన్ చేసింది. "కెమెరా తీయకు."

"అందరు వోయిండ్రు భాభీ. శ్యామన్న వ్యాన్ ఎక్కుమంటుండు."

"మీరు వ్యాన్ల కూసోండ్రి, తినుండ్రి. కెమెరాను గట్లనే ఉంచు."

వెనకనుంచి శ్యాంసుందర్ గొంతు వినిపించింది. "పిట్ట ఆమెకు ఫోన్ చేసిందా?"

కెమెరా ఒక్కటే ఒడ్డున నిలబడింది. చూసేవాళ్ళు మూడు వందల నుంచి వందకు, వంద నుంచి పన్నెండుకు దిగారు. పని లేనివాళ్ళను కొత్త మేనేజరు ఒక్కొక్కరినే ఇంటికి పంపింది. ఇరవై నాలుగు కుర్చీల్లో ఇద్దరే మిగిలారు. జమున అన్నం తిని వచ్చింది. శంకరవ్వ కుర్చీలోనే కునికింది. ఇసుక, విస్తరి, నీళ్ళు. ఏమీ జరగని ఆ బొమ్మ ఎంత చూసినా తిరుమలకు తనివి తీరలేదు. చూస్తూ ఉంటే విస్తరి నిలిచి నీళ్ళు పోతున్నట్టు కాక, నీళ్ళు నిలిచి ఇసుకే మెల్లగా ఎటో పోతున్నట్టు అనిపించింది. ఆ ఇసుక మీద తనూ, ఈ బల్లా, బెండకాయల గిన్నే, నిద్రపోతున్న అత్తా.

చూసేవాళ్ళు: ఒకరు.

మస్కట్. ఆ ఒక్కరికీ తాను ఇక్కడ ఉన్నట్టు తెలియదు. ఆ మనిషి మొఖం ఆమె ఎన్నడూ చూడలేదు. ఇద్దరూ ఒకే విస్తరిని చూస్తూ కూర్చున్నారు.

ఒంటి గంట దాటాక, ఎటునుంచి వచ్చిందో తెలియదు, ఇసుక మీద పిట్ట ఉంది. నడుస్తోంది, ఎగిరి వాలలేదు. రెండడుగులు వేసి ఆగింది. మెడ తిప్పి కెమెరా వైపు చూసింది. దాని కింద నీడ లేదు. విస్తరి చుట్టూ ఒకసారి తిరిగి, ముద్ద వదిలేసి, పక్కనున్న గారె అంచును ముట్టింది. మళ్ళీ ముట్టింది. దాన్ని ముక్కున కరుచుకుని నీళ్ళ మీదుగా, బొమ్మలోంచి బయటికి ఎగిరిపోయింది.

తిరుమల అత్తను లేపలేదు. అంకె ఇంకా ఒకటి దగ్గరే ఉంది. చాలాసేపటికి, పువ్వుల పక్కన ఒక్క మాట వచ్చింది.

చూసిన.

పొద్దు గూకేసరికి శ్యాంసుందర్ ఇసుక అంటిన కాళ్ళతో వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు, స్వెటర్ లేకుండా చలిగాలికి తిరిగినవాడిలా భుజాలు ముడుచుకుని పీట మీద కూర్చున్నాడు. బెండకాయ కూర వడ్డించాక అతని మొఖం మెల్లగా విచ్చుకుంది.

"లక్ష్మణ్ ఫోన్ చేసిండు. గారె తీసుకపోయిందట గదా. వాళ్ళ బాపుకు గారెలంటే పానమట, ఊకె నవ్వుతుండు, ఏడుస్తుండు. దారి పొంటి గదే ముచ్చట." ముద్ద కలిపాడు. "నువ్వు ఆపకపోవుడు మంచిగైంది. నాదే తొందర."

"గంగుబాయి గట్టిది," అంది శంకరవ్వ.

"గట్టిదే అవ్వా. ఇంకోటి విన్నవా? 'మా బాపు రెండుసార్లు వచ్చిండన్నా, మూడొద్దులకు ఒకసారి, పదొద్దులకు ఒకసారి, ఎవ్వరికన్న వస్తదా గిట్ల' అని క్యాంపుల అందరికి చెప్పుకుంటుండట."

జమున నీళ్ళ గ్లాసు దగ్గర చేయి ఆపి తల్లిని చూసింది. శ్యాంసుందర్ కూడా చూశాడు, వెంటనే తల వంచి ముద్ద కలుపుతూ ఉండిపోయాడు. కలిపిందే కలుపుతున్నాడు.

తిరుమల అందరి పళ్ళేల్లోనూ చారు పోసింది. తన పళ్ళెం ముందు కూర్చుంది.

"రేపు పొద్దున ఏడింటికి నేను లక్ష్మణ్‌కు ఫోన్ చేస్త," అంది. "అక్కడ అయిదున్నర అయితది, పనికి పోకముందు దొరుకుతడు. రెండుసార్లు కాదు, ఇయ్యాల వచ్చిందొక్కటే నీ బాపుకు వచ్చిన పిట్ట అని చెప్త. మొన్న చెప్తే ఆయన చేతిల ఏం మిగులకపోవు. ఇప్పుడు ఉన్నది." ఉప్పు గిన్నె అత్త వైపు జరిపింది. "మీరెవరన్న పక్కన కూసుంటనంటే కూసోండ్రి."